ఘాటు పోయిన లవంగాలు

“ఇయ్యి లవంగాలా శెట్టీ? నూనె పిండీసి పిప్పి అమ్ముతన్నావు!”

ఎర్నమ్మ కేక కాలనీ గేటు దాకా వినిపించింది. ఆమె ఎడమ చెంప బూరెలా పొంగి ఉంది. క్యాంటీన్‌లో పెద్ద పెద్ద గుండిగలు ఒంటిచేత్తో దించే మనిషి, పంటి నొప్పికి మాత్రం తలవంచింది. ఆమె వెనక మరో నలుగురు ఆడవాళ్లు లవంగాల పొట్లాలు పట్టుకుని, సాక్ష్యం చెప్పడానికి వచ్చినట్టు నిలబడ్డారు.

మధ్యాహ్నం భోజనానికి ల్యాబ్ నుంచి ఇంటికి వెళ్తున్న నూకరత్నం కొట్టు ముందు ఆగింది.

“ఏమైంది ఎర్నమ్మా?”

“సూడండి రత్నమ్మగోరూ! పన్ను పీకించుకుందారని డాక్టరు కాడికెల్తే సిగురుకి మత్తు సూది పొడిసినాడు. ఎక్కనేదు. ఇంకోటి పొడిసినాడు. అదీ ఎక్కనేదు. ‘నీది సిగురా, సిమెంటా’ అని నన్నే తిట్టి పంపీసినాడు. పోనీ లవంగమైనా నమిల్తే తిమ్మిరెక్కుతాదని కొంటే, ఈడి లవంగం పుల్లముక్కనాగ సప్పగుంది.”

“మా పులుసులోనూ అంతే. గుప్పెడేసినా గాటు రానేదు,” అంది వెనక నుంచి ఒకామె.

సూరిశెట్టికి ఏడుపొక్కటే తక్కువ. జాడీలోంచి ఒక లవంగం తీసి అందరికీ చూపించి, నోట్లో వేసుకుని పటపటా నమిలాడు. మరుక్షణం అతని కళ్లల్లోంచి నీళ్లు కారాయి. “అమ్మ బాబోయ్! నాలిక మండిపోతంది గదమ్మా! ఇంతకన్నా గాటు ఏ కొట్లో ఉంటాది?”

“నాటకాల్లో ఆడేసాలు కట్టీవోడివి. ఆ మాత్రం ఏడవనేవేటి?” అంది ఎర్నమ్మ. అంత నొప్పిలోనూ నవ్వించింది అందరినీ.

నూకరత్నం కూడా నవ్వుతూ అదే జాడీలోంచి ఒకటి తీసి నమిలింది. పుల్ల. గట్టిగా కొరికింది. పుల్లే. ఇంకొకటి వేసుకుంది. నవ్వు ఆగిపోయింది.

ఒకే జాడీ. ఒకే సరుకు. ఎదురుగా సూరిశెట్టి ఇంకా కళ్లు తుడుచుకుంటున్నాడు. నటన కాదు, పెదవులు ఎర్రగా కందిపోయాయి. అంటే తేడా లవంగంలో లేదు. నాలుకలో ఉంది.

“సూరీ, నువ్వుండేది కాలనీలో కాదు కదా?”

“టౌన్లో మేడమ్. పొద్దున్న బండి మీదొస్తాను, సందేళకి ఎల్లిపోతాను. ఏం మేడమ్?”

“ఏం లేదు. ఒక పొట్లం కట్టు.”

*

ఇంట్లోకి అడుగు పెట్టగానే చల్లటి గాలి మొహానికి తగిలింది. బయట వైశాఖపు ఎండ నిప్పులు చెరుగుతోంది. లోపల కిటికీకి బిగించిన రేకు డబ్బా కూలర్ గుర్రుగుర్రుమంటూ సన్నటి తుంపర చిమ్ముతోంది. దాని ముందు చాప వేసుకుని, బనీనుతో కూర్చుని ఉన్నాడు కన్నబాబు. ఆమెకు మేనబావ, మొగుడు. విద్యుత్ కేంద్రంలో కూలింగ్ టవర్ ఫోర్‌మన్.

“రాయే రత్నం. ఎర్నమ్మ శెట్టిని నంజుకు తింతందంట గదా. బతికున్నాడా?”

“బతికే ఉన్నాడు. నువ్వు మాత్రేసుకున్నావా?”

“పొద్దున్నే ఏసీసినాను. పెల్లైన కాడి నుంచీ అడుగుతన్నావు, ఒక్కనాడు మరిసినానా?”

నిజమే, మర్చిపోలేదు. చిన్నప్పుడు కన్నబాబుకి మూర్ఛ వచ్చేది. రోజుకొక్క మాత్రతో అది పూర్తిగా ఆగిపోయింది. ఎన్నో ఏళ్లుగా ఒక్కసారీ రాలేదు. ఆ సంగతి కంపెనీలో ఎవరికీ తెలియదు. తెలిస్తే అంత ఎత్తు టవర్ ఎక్కే పని ఇచ్చేవారు కాదు. ఆ పనంటే అతనికి ప్రాణం.

మజ్జిగ గ్లాసు అందుకోబోయిన అతని చెయ్యి ఉన్నట్టుండి చిన్నగా ఎగిరింది. గ్లాసు పడింది.

ఇద్దరూ నేల మీద పాకుతున్న మజ్జిగను చూశారు. 

“సెయ్యి జారీసినాది,” అన్నాడు కన్నబాబు.

“ఇవాళ టవర్ ఎక్కకు బావా.”

“గ్లాసు జారితే సెలవెట్టీమంటావేటే? బలేదానివే!”

ఆమె లేచి పొట్లం విప్పి ఒక లవంగం అతని నోటికి అందించింది. “నమిలి చెప్పు. ఎలా ఉంది?”

“సప్పగుంది. శెట్టి నిజంగానే మోసం సేసినాడన్నమాట.”

*

నాగులకొండ విద్యుత్ కేంద్రానికి దాహమెక్కువ. ఒకప్పుడు ఆ దాహం చుట్టుపక్కల ఊళ్ల బావుల్ని తాగేసింది. ఎర్నమ్మ పుట్టిన ఊళ్లో బిందెడు నీళ్ల కోసం పొలాల మధ్య కొట్టుకున్నారు. అదే సమయంలో కొండకి అటువైపు మందుల ఫ్యాక్టరీలు ఎర్రగా, పచ్చగా, కంపుకొట్టే నీళ్లను సముద్రంలోకి వదిలేవి. ఒకచోట పనికిమాలిన నీళ్లు, ఒకచోట నీళ్ల కరువు. ఈ రెంటినీ కలిపింది నూకరత్నం.

ఆమె ఒక సూక్ష్మజీవిని పెంచింది. మందుల అవశేషాలే దాని తిండి. దానికి ల్యాబ్‌లో ఏదో అంకె పేరుంది గానీ, కార్మికులు మాత్రం ‘రత్నమ్మగారి చెద’ అనేవారు. చెద కర్రను తిన్నట్టు అది మందును తినేది. ఫ్యాక్టరీ నీళ్లలో వదిలితే ఆ నీళ్లు తేటబడి, కూలింగ్ టవర్లో తిరగడానికి పనికొచ్చేవి. బోర్లు ఆగాయి. బావుల్లో ఊట వచ్చింది.

ప్రారంభోత్సవం నాడు నూకరత్నం వేదిక మీద నిలబడి టవర్ నీళ్లు ఒక గ్లాసు గటగటా తాగింది. “చూశారుగా, ఏం కాదు!” అంది. చప్పట్లు మోగాయి. ఎర్నమ్మ బంతిపూల దండ వేసి దిష్టి తీసింది.

చెద బయటికి పోకుండా ఆమె దాని మెడకో పలుపు కూడా వేసింది. టవర్ నీళ్లలో సున్నం పేరుకోకుండా ఒక రసాయనం కలుపుతారు. ఆ రసాయనం అందకపోతే బతకలేని విధంగా చెదను తయారుచేసింది. అది ప్రపంచంలో ఇంకెక్కడ పడ్డా చచ్చిపోవాలి. అదీ ఆమె ధీమా.

ఆ సాయంత్రం ఆ ధీమానే ఆమె పరీక్షకు పెట్టింది. రెండు గాజు కుప్పెల్లో కన్నబాబు వేసుకునే మాత్రనే పొడి చేసి కలిపింది. ఒకదాంట్లో తన ఉమ్మి. రెండోదాంట్లో సూరిశెట్టి ఉమ్మి. “పరీక్షకి ఉమ్మియ్యమంటే ఇంకెంతమంది తిడతారో అనుకున్నాను మేడమ్,” అంటూనే ఇచ్చాడు పాపం.

మర్నాడు ఉదయం సూరిశెట్టి కుప్పెలో మాత్ర అలాగే ఉంది. ఆమె కుప్పెలో మాత్ర ఆనవాలు లేదు. ఏదో తినేసింది. ఏదో కాదు. సూక్ష్మదర్శిని కింద చూస్తే, తను పేరు పెట్టి పెంచిన బిడ్డ తనను గుర్తుపట్టినట్టు కదులుతోంది.

డిస్పెన్సరీ డాక్టరుకి ఫోన్ చేసింది. ఆయన కంఠం విసుగ్గా ఉంది. “మీ కాలనీకి దిష్టి తగిలిందండీ. బీపీ మాత్రలు పని చేయవు, సుగరు మాత్రలు పని చేయవు. దగ్గుకి యాంటీబయాటిక్ ఇస్తే దగ్గే నవ్వుతోంది. నకిలీ మందులని కంపెనీకి రాశాను.”

మందులు నకిలీ కాదు. అవి ఒంటికి అందేలోపే, నోట్లో, చిగుళ్లలో, గొంతులో, పేగుల్లో కూర్చున్న చెద తినేస్తోంది. లవంగంలో ఘాటూ దానికి మందే.

కానీ పలుపు? ఆ రసాయనం లేకుండా మనుషుల్లో ఎలా బతుకుతోంది?

టవర్ మీద నుంచి పడే తుంపర అనుమానం మొదట వచ్చింది. శుభ్రమైన అద్దం ముక్క ఒకటి తీసుకెళ్లి టవర్ గోడ పక్క పెట్టింది. దాని మీద వాలిన తుంపరలో చెద ఉంది. కొద్దిగానే, కానీ బతికి ఉంది. అయితే సూరిశెట్టి కొట్టు ఆ తుంపర కిందే ఉంది! రోజంతా అతని బట్టతల మీద అదే పడుతుంది. మరి అతని నాలుక ఎందుకు మండింది?

తల పగిలిపోతుంటే కాలనీకి తిరిగొచ్చింది. మెట్ల దగ్గర ఎర్నమ్మ ఎదురైంది. చెంపకి తువ్వాలు కట్టుకుని, చేతిలో ప్లాస్టిక్ డబ్బా మోస్తోంది. నీళ్లు తొణుకుతున్నాయి.

“నొప్పితో నీళ్లెందుకు మోస్తున్నావు? కుళాయి రావట్లేదా?”

“కుళాయి నీల్లు కావమ్మా ఇయ్యి. కూలర్లోకి. టవర్ కింది తొట్టిలో పట్టినాను.”

నూకరత్నం డబ్బాలోకి వంగి చూసింది.

“బోరు నీల్లు పోస్తే పలకలకి తెల్లటి సున్నం కట్టీసి గాలే రాదు గదా. టవర్ నీల్లు పోస్తే ఎన్నాల్లైనా అద్దం నాగుంటాయి. కాలనీ అంతా అయ్యే పోత్తన్నాం. కన్నబాబే సెప్పినాడు.” ఎర్నమ్మ గొప్పగా నవ్వబోయి చెంప పట్టుకుంది. “మరి మీరే గదమ్మా గ్లాసుడు తాగి సూపించినారు! తాగినా ఏటీ కాని నీల్లు, కూలర్లో పోస్తే ఏటవుతాది?”

నూకరత్నం తల తిప్పి బిల్డింగు వైపు చూసింది. ప్రతి కిటికీకీ ఒక రేకు డబ్బా. అన్నీ తన బావ చేతుల మీదుగా వచ్చినవే. టవర్లో తేనెపట్టు లాంటి ప్లాస్టిక్ పలకలుంటాయి. నీళ్లు వాటి మీదుగా జారి చల్లబడతాయి. పాతబడ్డ పలకల్ని పారేస్తుంటే, కన్నబాబు వాటిని తెచ్చి, పాత ఫ్యాన్లు బిగించి, ఎండకు అల్లాడుతున్న ప్రతి ఇంటికీ కూలర్ చేసి ఇచ్చాడు. ఒక్కరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. చెద కాపురముండే పలకలు. చెదకు ప్రాణం పోసే నీళ్లు. తలుపులు మూసుకుని రాత్రంతా మొహం మీదికి ఊదుకునే గాలి.

కాలనీలో ప్రతి ఇంట్లోనూ ఒక బుల్లి కూలింగ్ టవర్. చెదకు తను వేసిన పలుపును జనం తామే ఇంటికి పట్టుకెళ్లి కట్టేసుకున్నారు. తాగి చూపించింది తను. మోసి పంచింది తన మొగుడు.

“మా ఆయన ఇంట్లో ఉన్నాడా?”

“ఇంకేటింట్లో? పైన పంకా మోత పెడతందని ఎల్లినాడు గదా. ఇప్పుడే టవర్ ఎక్కతా కనిపించినాడు.”

నూకరత్నం పరుగెత్తింది.

*

నిచ్చెన కింద నిలబడి పైకి చూస్తే కన్నబాబు పైఅంచున పంకా గూడు పక్కన వంగి ఉన్నాడు. నీలిరంగు చొక్కా, పసుపు టోపీ. కేక పెడదామని నోరు తెరిచి మూసేసింది. ఉలిక్కిపడితే? ఆమెకు ఎత్తులంటే చచ్చేంత భయం. ఎప్పుడూ ఆ నిచ్చెన మూడో మెట్టు దాటలేదు.

చెప్పులు విడిచి ఎక్కింది. తడి ఇనుము. చుట్టూ తుంపర. కిందికి చూడలేదు.

“ఓసే రత్నం! నీకేటైనా పిచ్చెక్కిందేటే?” అన్నాడు కన్నబాబు ఆమె తల అంచు మీదికి రాగానే. ఆశ్చర్యం, నవ్వు కలిసిన గొంతు.

“కూర్చో బావా. ముందు కూర్చో. మాట్లాడాలి.”

“ఇక్కడేటి మాటలు...”

వాక్యం సగంలో ఆగింది. అతని చూపు ఆమెను దాటి ఎక్కడికో పోయింది. కుడిచెయ్యి ఎగిరింది. ఆ వెంటనే అతను కుప్పకూలాడు.

ఆమె అతని మీదికి దూకింది. బెల్టు పట్టుకుని, తన ఒంటి బరువంతా వేసి కమ్మీ లోపలికి లాగింది. అతని సేఫ్టీ కొక్కెం ఇంకా కమ్మీకి తగిలించే ఉంది. తాడు ఒక్క కుదుపుతో బిగిసి ఆగింది. అతని కాలొకటి అంచు దాటి గాల్లో కొట్టుకుంటోంది. ఆమె అతన్ని పక్కకి తిప్పి, తన చేతిని అతని తల కింద పెట్టింది. ఇనుప నేలకేసి అతని తల కొట్టుకున్నప్పుడల్లా ఆ దెబ్బ ఆమె వేళ్లకి తగిలింది. తీయలేదు.

కింద జనం పోగయ్యారు. అందరూ తలలెత్తి చూస్తున్నారు. అన్నేళ్లు దాచుకున్నది ఆ తుంపరలో, పట్టపగలు, అందరి కళ్ల ముందూ బయటపడింది.

వణుకు తగ్గాక కన్నబాబు కళ్లు తెరిచాడు. కాసేపటికి మాట వచ్చింది.

“ఎవులైనా సూసినారా?”

“అందరూ చూశారు బావా.”

అతను కళ్లు మూసుకున్నాడు. “ఇంక నన్నెక్కనివ్వరు.”

*

జనరల్ మేనేజర్ విఠల్‌ప్రసాద్ అంతా విన్నాడు. మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు. ఆఖర్న ఊపిరి పీల్చుకున్నాడు. అతని మొహంలో దిగులుకి బదులు తేలిక కనిపించింది.

“అయితే తప్పు టవర్‌ది కాదన్నమాట. కంపెనీ నీళ్లు, కంపెనీ సామాను ఇంటికి పట్టుకెళ్లారు. అదీ అనుమతి లేకుండా. కన్నబాబు జబ్బు దాచి ఉద్యోగం చేశాడు. ఇదే రాసివ్వండి రత్నంగారూ. కూలర్లు పీకిద్దాం. అతన్ని పంపిద్దాం. మీ చెదకి మచ్చ రాదు. మరో రెండు చోట్ల అడుగుతున్నారు కూడా.”

“టవర్ తుంపరలోనూ చెద బతికే ఉందండీ. అద్దం మీద చూశాను. ఇవాళ సూరిశెట్టికి ఏం కాలేదు. రేపు కాలనీ గోడ పక్కన పుట్టే పసిపిల్లకి ఏమవుతుందో నాకు తెలియదు. తెలియనంత వరకు ఆ నీళ్లు తిప్పకూడదు.”

“ఆపితే మళ్లీ బోర్లు నడపాలి. బావులు ఎండుతాయి. దండ వేసిన చేతులే రాళ్లు వేస్తాయి. ఆలోచించుకోండి.”

“ఆలోచించే వచ్చాను. చెద పెంచే తొట్టిలోనూ, టవర్ కింది తొట్టిలోనూ బ్లీచింగ్ కలిపేసి మరీ వచ్చాను. ఇంక టవర్లోకి పోయడానికి చుక్క లేదు.”

విఠల్‌ప్రసాద్ లేచి నిలబడ్డాడు. “అది మీ సొంత ఆస్తి కాదు!”

“కాదు. నా తప్పు మాత్రం సొంతమే. అనుమతి గురించి అంటారా, వాళ్లకి ముందు అనుమతిచ్చింది నేను. వేదిక మీద, గ్లాసుతో. మీరు నా పక్కనే నిలబడి చప్పట్లు కొట్టారు. మా ఆయన్ని పంపిస్తే ఆ మాట నేను అందరికీ చెప్పాల్సి వస్తుంది.”

ఆయన కిటికీలోంచి టవర్‌ని చూశాడు. “టవర్ ఎక్కనివ్వను,” అన్నాడు. “స్టోర్స్‌లో కూర్చోమనండి.”

సాయంత్రం వాలీబాల్ కోర్టులో కాలనీ అంతా చేరింది. వేళ్లకి కట్టుతో నూకరత్నం మొదలుపెట్టబోయేలోగా కన్నబాబు ముందుకొచ్చాడు.

“ఎండకి సస్తన్నారని ఇచ్చినాను. మీ మందులు తినీసే పురుగుని ఇంటింటికీ నానే పెట్టీసినానని తెలీదు. ఎవులి కూలర్ ఆలు పీకక్కర్నేదు. నాను బిగించినాను, నానే ఇప్పుతాను.”

కొందరు తమ కిటికీల వైపు చూసుకున్నారు. తర్వాత ఎర్నమ్మ తువ్వాలు సర్దుకుంటూ లేచింది. “నువ్వొక్కడివే ఇప్పుతావేటి, మల్లీ పడిపోడానికి? నడు, స్క్రూడైవరు నాను పడతాను.”

*

ఆ వేసవి ఎవరినీ కరుణించలేదు. కూలర్లు లేని గదుల్లో తడిబట్టలు కప్పుకుని పడుకున్నారు. బోర్లు మళ్లీ మొదలయ్యాయి. ఊళ్ల నుంచి జనం వచ్చి గేటు ముందు ఖాళీ బిందెలు పెట్టి కూర్చున్నారు. వాళ్లలో ఎర్నమ్మ తమ్ముడూ ఉన్నాడు. నూకరత్నం వెళ్లి వాళ్ల మధ్య కూర్చుని జరిగింది చెప్పింది. కొందరు విన్నారు. కొందరు తిట్టారు. ఇంకో పలుపుతో, గాల్లో ఎగరలేని, నీటి అడుగునే బతికే చెదను తయారుచేస్తానని చెప్పింది. ఎప్పటికని అడిగారు. తెలియదని చెప్పింది. అందుకు ఇంకా తిట్టారు.

మనుషుల్లో ఉన్న చెదను చంపే మందు లేదు. ఏ మందు వేసినా తినేస్తుంది. ఒంట్లో పేరుకున్న రసాయనం మెల్లమెల్లగా బయటికి పోతే, అది ఆకలితో చావాలి. ఎదురుచూడటమే వైద్యం. అది చచ్చిందో లేదో తెలుసుకోవడానికి పరికరం అక్కర్లేదు. సూరిశెట్టి జాడీ చాలు.

రోజూ ఉదయం కొట్టు ముందు వరస కట్టేవారు. శెట్టి ఊరకనే మనిషికో లవంగం ఇచ్చేవాడు. నమిలేవారు, పెదవి విరిచేవారు, పనికి పోయేవారు. ఒకరోజు ఎర్నమ్మ నమిలి, ఒక్క క్షణం ఆగి, “నీ కొట్టు తగలెట్టా! నోరు కాలిపోనాది శెట్టీ!” అని గెంతులు వేసింది. ఆ రోజే వెళ్లి పన్ను పీకించుకుని, ఆ పన్నును కాగితంలో చుట్టి అందరికీ చూపించింది. తర్వాత ఒక్కొక్కరికీ మండసాగింది. మండినవాళ్లు కేక వేయడం, మిగిలినవాళ్లు చప్పట్లు కొట్టడం కాలనీకి అలవాటైపోయింది.

కన్నబాబుకి మాత్రం చప్పగానే ఉండేది. పలకల్ని ఎక్కువగా ముట్టుకున్నదీ, తొట్టి నీళ్లలో ఎక్కువగా తడిసిందీ అతనే. మూర్ఛ మరో రెండుసార్లు వచ్చింది. స్టోర్స్‌లో బల్ల వెనక కూర్చుని, కిటికీలోంచి టవర్ వంక చూస్తుండేవాడు. ఉదయం లవంగానికి రావడం కూడా మానేస్తానన్నాడు.

“నాకూ చప్పగానే ఉంది బావా. ఇద్దరం కలిసి వెళ్దాం రా,” అని లాక్కొచ్చేది నూకరత్నం. పక్కపక్కన నిలబడి నమిలేవారు. “ఏం లేదు,” అనేది ఆమె. “నాకూ ఏటీనేదు,” అనేవాడు అతను. మొగుడూ పెళ్లాలిద్దరే మిగిలారని శెట్టి జాలిపడి, జాడీలో బొద్దు లవంగాలు ఏరి ఇచ్చేవాడు.

తొలకరి పడి నేల వాసన వేస్తున్న ఒక ఉదయం, కన్నబాబు లవంగం నోట్లో వేసుకుని యథాప్రకారం నమిలాడు. తల దించుకున్నాడు. అలాగే ఉండిపోయాడు.

“బావా?”

అతను తలెత్తాడు. కళ్ల నిండా నీళ్లు. నోరు తెరిచి, నాలుక బయటపెట్టి, పసిపిల్లాడిలా చేత్తో విసురుకుంటున్నాడు.

“ఓలమ్మో! మండిపోతందే రత్నం! శెట్టీ, నీల్లు! నీల్లియ్యిరా!”

“ఇవ్వను!” అన్నాడు సూరిశెట్టి. జాడీని గుండెలకి హత్తుకున్నాడు. “ముందు నా సరుకుని పిప్పి అన్న మాట ఎనక్కి తీసుకోండి అందరూ!”

కన్నబాబు నవ్వుతూ, ఏడుస్తూ, హఠాత్తుగా భార్య వైపు తిరిగాడు. నవ్వు తగ్గింది. “నీకో? నీకింకా సప్పగానే ఉందేటే?”

నూకరత్నం తలెత్తింది. ఆమె పెదవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. కళ్లు తుడుచుకుంది. ఆ మంట వల్ల వచ్చిన నీళ్లను అన్ని రోజులుగా అతనికి కనబడకుండా కొంగుతో తుడుచుకుంటూనే ఉంది.

“ఎన్నాల్లైనాది?” అన్నాడు కన్నబాబు మెల్లగా.

“ఎర్నమ్మ కన్నా ముందే.”

“మరి సెప్పనేదే!”

“నిన్నొక్కడినే వరసలో ఎలా వదిలేస్తాను బావా?” అంటూ ఆమె చెయ్యి చాపింది. “సూరీ, ఇంకోటియ్యి. ఇవాళ కేక వేస్తూ నములుతాను.”